మొవ్వ తిన్న ఊరు

మా ఊరి నీరటి తాత పోయాడన్న కబురు చివరికి మా అన్న నోటి నుంచే వినాల్సి వచ్చింది. మంచిర్యాలలో నేను గుమాస్తాగా పనిచేసే ఆఫీసుకు ఫోన్ చేశాడు. "నీరటోడు పోయిండురా. ఎండదెబ్బ తాకింది. నేనే దగ్గరుండి పెద్దగ చేస్తున్న. డప్పులోళ్లకు చెప్పిన, పూలు తెప్పిస్తున్న. జల్ది రా" అన్నాడు. తాత కోసం కళ్లలో తిరగబోయిన నీళ్లు ఆ 'పెద్దగ చేస్తున్న' దగ్గర ఆగిపోయాయి. ఎందుకో చెప్పాలంటే మొదటినుంచి చెప్పాలి. అందులో నాకూ పాలుంది కాబట్టి చెప్పక తప్పదు.

గోదావరికి ఈవల, కరీంనగరు జిల్లాలో మాది వాగు ఒడ్డు ఊరు. ఎవరి పొలానికి ఎప్పుడు ఎంత నీరు పారాలో చూసే మనిషిని మా దిక్కు నీరటి అంటారు. తాత ఆ పని తన తండ్రి నుంచి అందుకున్నాడు. ఆయన పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదు. మా ఇంటిల్లిపాదీ, అన్నతో సహా, 'నీరటీ' అనేవాళ్లు. నేను ఒక్కణ్ణే 'తాతా' అనేవాణ్ణి. అందుకు మా నాయనమ్మ చేత రెండుసార్లు మొట్టికాయలు తిన్నాను. భుజాన పార, కాళ్లకు చెప్పుల్లేవు, నెత్తికి ఎప్పుడూ తడిగుడ్డ. పొద్దు పొడవకముందే వాగు వెంట నడుస్తూ కనబడేవాడు.

ఎండాకాలం ఊరంతా తాగేది వాగు చెలిమెల నీళ్లే. ఇసుకలో గుంత తీస్తే ఊరే నీళ్లు అవి. మూరెడు తవ్వితే చాలు, కొబ్బరి నీళ్లలా ఉండేవి. తాత ఒక్కో చెలిమెలో దోసిలి ముంచి పుక్కిలించి చూసి, బాగుంటేనే ఆడవాళ్లను కుండలు ముంచనిచ్చేవాడు. "పైన మనుషులు, నడుమ పసులు, కింద బట్టలు" అని ఆయన పెట్టిన వరస. దాన్ని తప్పితే దండుగ కట్టించేవాడు కాదు, కొత్త చెలిమె తవ్వించేవాడు. మా నాన్నను, ఊరి పటేలును, మేం బాపు అనేవాళ్లం. ఆ బాపు ఎడ్లను పైచెలిమెల దాకా తోలిన మా పాలేరు చేత కూడా తాత తవ్వించాడు. అతనితో పాటు తనూ ఒక పార పట్టాడు.

చెలిమెల నీళ్లకు వేరు ఎక్కడుందో ఊళ్లో ఆయనొక్కడికే తెలుసు. మా పొలం కొసన, వాగును ఆనుకుని, జాలు ఉండేది. జాలంటే ఏడాది పొడవునా ఊట పడి కాలు దిగబడే నేల. తుంగ, జమ్ము, కప్పలు, కొంగలు తప్ప అక్కడ మరొకటి లేదు. మాకది పనికిరాని జాగ. "పనికిరానిదే గదా పటేలా, దాన్ని గట్లనే ఉండనియ్యి. గది వానకాలం తాగి ఎండకాలం కక్కుతది. గది ఎండితే చెలిమెలు ఎండుతయి" అని తాత బాపుతో అంటుండేవాడు. బాపు వినీ విననట్టు మీసం దువ్వుకునేవాడు.

నాకు పదేళ్లప్పుడు పెద్ద కరువొచ్చింది. మా ఇంటి బావి కూడా అడుగంటి, పటేలు ఇంటి కుండలు కూడా చెలిమె దగ్గర వరసలో నిలబడ్డాయి. ఆ ఎండల్లోనే తాత ఊరందరినీ వాగులోకి పిలిచాడు. చావడి గద్దె దగ్గర కాకుండా వాగులో ఎందుకని బాపు అడిగితే, "గద్దె మీద మీరు కూసుంటరు, కింద మేం కూసుంటం. ఇసుకల అయితే అందరం ఒక్కతీరుగ కూసోవచ్చు" అన్నాడు. బాపు ధోతి ఎగగట్టి అందరితో పాటు ఇసుకలో కూర్చోవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.

తాత కట్టెపుల్లతో ఇసుకలో వాగు గీశాడు. ఎవరి పొలానికి వాళ్ల చేతనే ఒక గులకరాయి పెట్టించాడు. జాలు ఉన్నచోట తుంగపోచలు గుచ్చాడు. మధ్యలో ఒక కుక్క అడ్డంగా నడిచి సగం వాగును చెరిపేస్తే మళ్లీ ఓపికగా గీశాడు. చదువురాని వాళ్లంతా ముందుకు జరిగి, నా రాయి అక్కడ కాదు ఇక్కడ అని పోట్లాడుకున్నారు. పొలాలు దున్నీ దున్నీ వాగు ఒడ్లను ఎంత కొరికేశామో ఆ ఇసుక మీద చూసేసరికి అందరికీ తెలిసింది.

"పండుకున్న మనిషి పక్కకు మర్లడా? వాగు గూడ అంతే. మర్లడానికి దానికింత జాగ ఉంచుండ్రి" అన్నాడు తాత. రెండు ఒడ్ల మీదా పన్నెండేసి అడుగులు ఎవరూ దున్నకూడదు, జాలును ఎవరూ తెంపి ఎండగట్టకూడదు అని తీర్మానమైంది. పట్వారీ కాగితం తీసి రాయబోయాడు. తాత ఆపాడు. "కాగితం పటేలు ఇంట్ల ఉంటది. మనకు వాగుమీద ఉండేది కావాలె" అన్నాడు. అలా ఈతచెట్ల ఆలోచన వచ్చింది.

ఆ ఆలోచన ఇప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. వేపచెట్టునో తుమ్మచెట్టునో పెడితే రేపు ఎవడో గొడ్డలి వేస్తాడు. ఈతచెట్టు కల్లు చెట్టు. దాని మీద గొడ్డలి పడితే కల్లు పన్ను చూసే ఆబ్కారీ వాళ్లు వస్తారు. దేవుడికి భయపడనివాడు కూడా మా ఊళ్లో ఆబ్కారీ జీపుకు భయపడేవాడు. అందుకని పన్నెండో అడుగు మీద బారుగా ఈతచెట్లు లేస్తే, అవి దాటి నాగలి రాదని తాత లెక్క. "సర్కారోణ్ణి జీతం లేకుండ కావలి పెడుతున్న" అని నవ్వాడు.

మరి గింజలు? ఊళ్లోకి ఈతపండ్లు వచ్చే కాలమే అది. ప్రతి ఇంటి గడప దగ్గరా ఒక ముంత పెట్టించాడు. "పండు తినుండ్రి, గింజ ఉమ్మకుండ్రి. ముంతల ఎయ్యుండ్రి" అని వాడవాడా తిరిగి చెప్పాడు. వారానికోసారి గంప పట్టుకొని ఆ చీకిన గింజలన్నీ తనే పోగు చేసుకునేవాడు. మా నాయనమ్మ మా ఇంటి గింజలను వేరే ఆకులో కట్టించి, "గివి అందరి ఎంగిట్ల కలపకు" అంది. తాత సరేనన్నట్టు తలూపి, ఆమె చూస్తుండగానే ఆకు విప్పి గంపలో గుమ్మరించాడు. "మొలిచినంక గుర్తుపడుదువు లే దొర్సానీ, ఏది మీదో" అన్నాడు. ఆ రోజు మా నాయనమ్మ అన్నం తినలేదు. ఊరు మాత్రం నెల్లాళ్లు నవ్వుకుంది.

మృగశిర కార్తెలో, మిరుగు వానకు ఊరంతా ఒడ్డు మీద బారులు తీరింది. మడమతో గుంత చేయడం, గింజ వేయడం, బొటనవేలితో పూడ్చడం. ఒడ్డు నుంచి లోపలికి అడుగులు లెక్కపెట్టింది మాత్రం తాతే. పెద్ద అడుగూ కాదు చిన్న అడుగూ కాదు, చెలిమె కాడికి కుండ మోసుకుపోయే ఆడమనిషి అడుగంత వేసేవాడు. మా పొలం దగ్గర పన్నెండో అడుగు బాపు అప్పుడే దున్నించిన సాలు నడుమ పడింది. బాపు ఏమీ అనకుండా ఆ సాలు వదిలేశాడు. బాపును నేను తలెత్తి చూసిన రోజుల్లో అదొకటి.

తర్వాత పదేళ్లు మా వాగు నిజంగా బాగుంది. ఈతచెట్లు మనిషెత్తు లేచాయి. వరదొస్తే ఒడ్డు తెగలేదు. కరువు తర్వాత వచ్చిన ఏ ఎండాకాలమూ మూరెడు కంటే లోతు తవ్వాల్సిన పని పడలేదు. మేకలు తినిపోయిన చోటల్లా తాత మళ్లీ గింజలు పెడుతూనే ఉన్నాడు. గడపల దగ్గర ముంతలు కూడా ఉండిపోయాయి. ఈతగింజ ఎక్కడపడితే అక్కడ ఉమ్మితే మా ఊళ్లో పిల్లలకు వీపు మీద పడేది.

ఆ తర్వాత పొలాలకు కరెంటొచ్చింది. బాపు పోయాడు, పెత్తనం అన్న చేతికొచ్చింది. అన్న కన్ను జాలు మీద పడింది. దాన్ని తెంపి నీళ్లు వాగులోకి వదిలేస్తే బంగారం లాంటి వరిమడి అవుతుంది, పక్కనే మోటరు బిగించవచ్చు. అడ్డం ఈతచెట్లే. నేనప్పుడు డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తూ ఇంట్లో ఉన్నాను. వద్దని అనలేదు. ఎవరడిగినా ఇది నేను ఒప్పుకుంటాను.

మా అన్న బుర్రను మెచ్చుకోవాలి. అలాంటి బుర్ర మీద ఉమ్మేయాలి కూడా. చెట్టు కొడితే కదా ఆబ్కారీ కేసు! కల్లు గీసే గౌడునే పిలిపించి, మా పొలం పొడుగునా ఉన్న చెట్లన్నింటికీ మొవ్వ తీయించాడు. మొవ్వంటే ఈతచెట్టు తలలో ఉండే తెల్లటి లేత గుండె. అది తీస్తే చెట్టు నిలబడే ఉంటుంది, నెలలో ఎండిపోతుంది. "నేను చెట్టు గొట్టిన్నా? మొవ్వ దీసిన. అది సస్తే నా తప్పా?" అన్నాడు. గీసి బతికే చెయ్యే ఆ పని చేసింది. ఆ గౌడుకు అన్న ఏం ఆశ చూపాడో నాకిప్పటికీ తెలియదు.

అక్కడితో ఆగినా ఇంత రోత ఉండేది కాదు. ఈత మొవ్వ తియ్యగా ఉంటుంది. చెట్టు చచ్చేది కాబట్టి ఎప్పుడో గానీ దొరకదు, దొరికితే పండగే. అన్న ఆ మొవ్వలన్నీ గంపలకెత్తించి, ముక్కలు కోయించి, ఇంటింటికీ పంచాడు. పట్వారీ ఇంటికి, గౌడ్ల వాడకు, మాదిగవాడకు, బడిపంతులుకు, అందరికీ. ఒక్క ఇల్లు మరిచిపోలేదు. జనం మొవ్వ ఎక్కడిదని అడక్కుండా తిన్నారు. కొందరు అడిగి తిన్నారు. పిల్లలు వేళ్లు నాకారు. చీకి దాచిన గింజలను మొలిపించుకున్న ఊరే, పదేళ్లకు వాటి గుండె కోసుకు తిన్నది.

నేనూ తిన్నాను. తిన్నాక అన్న ఒక ఇత్తడి పళ్లెంలో ముక్కలు పెట్టి, "నీరటి ఇంటికి నువ్వు పట్కపో. నువ్వంటే ఆనికి పావురం" అన్నాడు. పావురమంటే మా దిక్కు ప్రేమ. తీసుకెళ్లాను. ఆ నడకను ఇప్పుడు తలుచుకుంటే నా కాళ్ల మీద నాకే అసహ్యం వేస్తుంది. తాత పందిరి కింద పారకు కామ బిగిస్తున్నాడు. పళ్లెం చూశాడు. వాసన తెలిసింది.

"ఎన్ని చెట్లు?"

"మా పొలం పొడుగు, తాతా."

"నువ్వు తిన్నవా చిన పటేలా?"

"తిన్న."

"తియ్యగున్నదా?"

నేను పళ్లెం ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాను. "తియ్యగనే ఉంటది లే. పదేండ్ల తీపి గది" అని ఆయన మళ్లీ కామ బిగించుకోవడంలో పడ్డాడు. పళ్లెం అరుగు మీద పెట్టి పారిపోయి వచ్చాను.

తెల్లవారి మళ్లీ ఊరందరినీ ఇసుకలోకి పిలిచాడు. వచ్చారు. అన్న కుర్చీ తెప్పించుకొని ఇసుకలో వేసుకుని కూర్చున్నాడు. తాత ఎవరు తీశారని అడగలేదు. నిలబడి అందరి మొఖాలూ ఒక్కొక్కటిగా చూసి, "మొవ్వ తిననోళ్లు ఎవలన్న ఉంటే లేవుండ్రి. ఆళ్లతోటి మాట్లాడుత" అన్నాడు. ఎవరూ లేవలేదు. ఒకాయన దగ్గాడు. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. చివరికి తాతే అన్నాడు: "నేను తినలే. గని నా ఇంట్ల తిన్నరు. నా ఇంటిది తిన్నది, నా మనుమరాండ్లు తిన్నరు. ఇగ నేనెవల్ని అడుగుదు?" పార భుజాన వేసుకుని ఒడ్డెక్కి వెళ్లిపోయాడు.

అన్న కుర్చీలోంచి లేస్తూ, "అయిపాయె గదా, ఇగ పోదాం పాండ్రి" అన్నాడు. మొవ్వ ఎందుకు పంచాడో నాకు అప్పుడు సరిగ్గా అర్థమైంది. నోట్లో ముక్క ఉన్నవాడు నోరు తెరవడు. అప్పుడైనా నేను లేచి ఒక్క మాట అనాల్సింది. అందరితో పాటు లేచి ఇసుక దులుపుకున్నాను.

జాలు తెగింది. రెండేళ్లు అన్నకు వరి విరగపండింది. అది చూసి ఎగువవాళ్లు, దిగువవాళ్లు తమ పొలాల పక్క చెట్లకూ మొవ్వలు తీశారు. ఈసారి పంచనైనా పంచలేదు, ఎవరింట్లో వాళ్లే తిన్నారు. చెలిమె నడుములోతుకు పోయింది, తర్వాత నిలువులోతుకు. చేతిపంపు వచ్చింది. ఇసుక కోసం ట్రాక్టర్లు వాగులోకి దిగాయి. నాగలి వాగు అంచు దాకా వచ్చి, వరదకు ఒడ్డు విరిగి పడితే, 'వాగు మా భూమి తిన్నది' అని దరఖాస్తులు పెట్టుకున్నారు. ఎవరు ఎవరిని తిన్నారో చెప్పేవాడు లేడు. నాకు మంచిర్యాలలో ఉద్యోగం దొరికింది. ఊరు వదిలినందుకు బాధపడ్డానని చెబితే అబద్ధం.

పండగకో పబ్బానికో ఊరికి పోయినప్పుడల్లా తాత కనబడేవాడు. చేతిపంపు వచ్చాక కూడా ఆయన ప్రతి ఎండాకాలం పాత జాగలోనే చెలిమె తవ్వేవాడు. కుర్రాళ్లు "ఏం తాతా, పాతాళం దాకా పోతవా?" అని వెటకారం చేసేవారు. "నీళ్లు దొరుకుతయని తవ్వుతలేను బిడ్డా. ఏడాదికెంత లోతుకు పోయినయో సూస్తున్న" అనేవాడు. నన్ను మాత్రం "ఉద్యోగం మంచిగున్నదా? పిల్లలు మంచిగున్నరా?" అని అడిగేవాడు. మొవ్వ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. తిట్టినా బాగుండు. ఆయన గోటి సందుల్లో ఎప్పుడూ ఇసుక ఉండేది. ఆ చేత్తోనే నా వీపు నిమిరేవాడు.

ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నానికి ఊరు చేరాను. తాతకు చివరి స్నానం చేయించడానికి నీళ్లు కావాలి. చేతిపంపు కొట్టీ కొట్టీ చేతులు నొచ్చాయి గానీ బిందె నిండలేదు. అన్న తన ట్రాక్టరు ట్యాంకరు పంపించాడు. ఊరందరికీ చెలిమె రుచి చూసి నీళ్లు తాగించిన మనిషికి, డీజిలు వాసన కొట్టే పైపు నీళ్లు పోశారు. పక్కన నిలబడి "నీళ్లకు ఫికర్ లేదు, ఎన్నైన పొయ్యుండ్రి" అంటున్నాడు అన్న. ఒక పెద్దమనిషి "పటేలు గుణం గొప్పది" అన్నాడు. అతనూ మొవ్వ తిన్నవాడే. నేనూ తిన్నవాణ్ణే కాబట్టి నోరు మూసుకున్నాను.

తాత కులంలో పాతిపెట్టడమే ఆచారం. తాత అడిగిన చోటే, ఆయన ఏటేటా చెలిమె తవ్విన జాగకు ఎదురుగా, ఒడ్డు మీద గుంత తీశారు. ఒకప్పుడు ఆ ఒడ్డున మోకాలి లోతు తవ్వితే మట్టి చెమ్మగిల్లేది. నిలువెత్తు గుంత తీశారు. కింది మన్ను కూడా పిండిలా చేతికి అంటకుండా రాలింది. అన్న గుంతలోకి తొంగి చూసి, "మంచిగ పొడిపొడిగున్నది, పని అల్కగైంది, కష్టం లేకపాయె" అన్నాడు. డప్పులు గట్టిగా మోగాయి. మా అన్న వేయించిన పూలదండల కింద తాత మొఖం కనబడలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టేటప్పుడు పోయినవారికి ఇష్టమైనవి పెడతారు. తాత ఇల్లాలు విస్తరిలో అన్నంతో పాటు ఈతపండ్లు పెట్టింది. కాకి వచ్చి ముట్టుకుపోయాక, మిగిలినవి తలా ఒకటి ఇచ్చింది. నేను నాది నోట్లో వేసుకుని ఆమె వెనకాలే ఇంటికి వెళ్లాను. తాత మంచం కింద పాతకుండ ఒకటి ఉంది, నిండా ఈతగింజలు. "గీ యేడు గూడ వాడవాడ తిరిగి పోగుచేసిండు బిడ్డా. పోరగాండ్లు నవ్విన ఇనలే" అంది.

"అవ్వా, గీ కుండ నాకియ్యరాదు" అన్నాను.

"తీస్కపో. ఏడ వెడ్తవు? జాగ ఎవలిస్తరు?"

నా దగ్గర జవాబు ఉంది. అన్నదమ్ములం పాలు పంచుకున్నప్పుడు జాలు తెంపిన ఆ మడి నా పాలికే వచ్చింది. కాగితం నా పేరు మీదే ఉంది, సాగు అన్న చేస్తున్నాడు. ఇన్నేళ్లూ పంటకింత బియ్యం వస్తున్నాయి, తింటున్నాను. అంటే ఆ మొవ్వ ఇంకా తింటూనే ఉన్నానన్నమాట.

కుండ చంకన పెట్టుకుని ఒడ్డుకు పోయాను. చెప్పులు విడిచాను. వాగు అంచు నుంచి లోపలికి, తాత వేసినట్టే, కుండ మోసే ఆడమనిషి అడుగులు వేస్తూ లెక్కపెట్టాను. పది, పదకొండు. పన్నెండో అడుగు అన్న మోటరుకు కట్టించిన సిమెంటు గద్దె మీద పడింది. మోటరు తిరుగుతోంది గానీ పైపులోంచి నీళ్లు తక్కువ, గాలి ఎక్కువ.

గట్టు మీద నుంచి అన్న కేకేశాడు. "ఏం కొలుస్తున్నవురా? నీ పాలు ఏమన్న తక్కువొచ్చిందా?"

"తక్కువ గాదన్నా, ఎక్కువొచ్చింది. పన్నెండడుగులు" అన్నాను.

అతనికి అర్థమైనట్టు లేదు. అయినా దిగి నా వైపు రాసాగాడు. అవ్వ ఇచ్చిన ఈతపండు ఎప్పుడో అయిపోయింది. గింజ దవడన ఉంది. ఉమ్మి బొటనవేలితో పూడ్చడానికి కిందికి చూశాను. నా కాళ్ల కింద అంతా సిమెంటే. గింజను అలాగే నోట్లో పెట్టుకుని, ఆ గద్దె మీదే నిలబడ్డాను.